మూడో గొంతు

అమ్మమ్మ ఫొటోలో మెడ కనపడదు.
గడ్డం కిందనుంచి నేరుగా
భుజాలమీదికి జారిన పిండిముద్ద,
దానిమీద నల్ల రుమాలు.
ఆవిడ అక్కచెల్లెళ్ళదీ అంతే.
మా స్వానేతి కొండల్లో అది జబ్బు కాదు,
ఇంటిపేరు లాంటిది.
మన నీళ్ళలో అయోడిన్ లేదని బడిలో చెప్పారంటే
అమ్మ కోప్పడింది,
నీళ్ళనేమీ అనొద్దంది.

అక్క ఇవ్లీతాకి నలభై ఒకటో ఏట తేలింది.
ముందు మెడగుండీ పట్టలేదు.
తర్వాత రొట్టె దిగలేదు.
తర్వాత, వెల్లకిలా పడుకుంటే
ఎవరో మోకాలు పెట్టి నొక్కుతున్నట్టుందని
కూర్చునే నిద్రపోయేది,
రాతి గోడకి వీపు ఆనించి.

కుతాయిసీ ఆస్పత్రిలో కుర్ర సర్జను
కాగితంమీద సీతాకోకచిలుక గీశాడు.
"ఇంతే ఉండాలి" అన్నాడు.
అక్క మెడ తడుముకుని,
"మాది గొర్రెల ఊరు బాబూ,
అక్కడ ఏది పుట్టినా ఉన్నితో సహా పెరుగుతుంది" అంది.
అతను నవ్వలేదు. పెన్ను కొనతో
రెక్క వెనకాల సన్నటి గీత చూపించాడు.
"ఇది గొంతుకి వెళ్ళే నరం.
జాగ్రత్తగానే ఉంటాను."
ఆ 'గానే' దగ్గర నాకు చెమట పట్టింది.

ఎందుకంటే మేం ముగ్గురం పాడతాం.
మధ్యగొంతు అక్కది, పాట ఎత్తేది తనే.
పైగొంతు నాది.
అడుగుగొంతు వదినె మాక్వాలాది,
నేలమాళిగలో దొర్లించిన పీపాలాగ.
చావింట్లో మేం పాడేదానికి మాటలుండవు.
వోయ్, వొయ్యో, అంతే.
పోయినవాడితో మాటలేమిటని.

నాలుగు గంటలు పట్టింది.
కళ్ళు తెరిచి అక్క ఏదో అడిగింది.
పెదాలు కదిలాయి. గాలి వచ్చింది,
తలుపుకింద దూరే గాలి.
ఆ రాత్రే వేళ్ళలో చీమలు,
మూతిచుట్టూ చీమలు,
చెయ్యి పాలు పితుకుతున్నట్టు ముడుచుకుపోయి
మళ్ళీ తెరుచుకోలేదు.
నర్సు పరిగెత్తుకొచ్చి కాల్షియం ఎక్కించింది.
"సున్నమేనమ్మా" అంది.
గోడకి వేసినట్టు మనిషికీ వేస్తారన్నమాట.

ఇప్పుడు తెల్లారగానే ఒక మాత్ర,
చిటికెనగోరులో సగం లేదు.
పరగడుపున, టీకి అరగంట ముందు.
ఆ అరగంట సంగతి ఆవుకీ తెలుసు.
మోతాదు తక్కువైన నెలల్లో
ఆగస్టు ఎండలో శాలువా కప్పుకుని
పొయ్యి పక్కన తూగేది,
కూతురి పేరు నాలుకమీద వెతుక్కునేది.
ఎక్కువైన నెలల్లో
అర్ధరాత్రి లేచి కిటికీ అద్దాలు తుడిచేది.
రక్తపరీక్షకీ రక్తపరీక్షకీ మధ్య
మా ఇంట్లో నలుగురు ఇవ్లీతాలు తిరిగారు.
దుకాణంలో అయోడిన్ ఉప్పు కొంటున్నాం.
వదినె అందులోనే వెల్లుల్లీ మెంతీ వేసి దంచుతుంది.
రుచి మారిందని ఒక్కరూ అనలేదు.

రొట్టె దిగుతుంది.
వెల్లకిలా పడుకుంటుంది, గురక కూడా.
ఆర్నెల్లకి గాలి కాస్తా గరుకైంది.
మెడకి అడ్డంగా గులాబీరంగు దారప్పోగు,
"మన ఇంట్లో మెడ ఉన్న మొదటి ఆడది అమ్మే" అంటుంది పిల్ల.
పాట ఊసు ఎవరమూ ఎత్తలేదు.

మార్చిలో ఆల్మస్ఖాన్ పోయాడు,
పక్క బురుజు ముసలాయన.
మంచు నడుందాకా ఉంది.
వాకిట్లో నిలబడ్డాం, నేనూ వదినే.
ఎత్తాల్సిన చోట ఖాళీ.
నేనే ఎత్తాను,
ఎక్కడో పైన చిక్కుకుని దిగలేకపోయాను.

అప్పుడు నా వెనక
చెక్కమీద రాయి ఈడ్చినట్టు
ఒకే ఒక్క స్వరం, కదలకుండా.
అక్క.
అడుగున.
వదినె నన్ను చూసింది,
తన పీపా దొర్లించుకుంటూ మధ్యకి జరిగింది,
పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి పాట ఎత్తింది,
రెండుచోట్ల తప్పు.
ఊపిరి తెగినప్పుడల్లా అక్క ఆగి
వదిలినచోటే మళ్ళీ పట్టుకుంది.

చావు భోజనాల దగ్గర ఆయన కొడుకు అడిగాడు,
అడుగున పాడిన ఆ మగాయన ఎవరని.
"నేనే" అంది అక్క.
"ఆ ఉప్పు ఇలా జరుపు."